తెలిసీ చెప్పకపోతే

చిరంజీవి చిట్టితల్లికి, తాతయ్య ఆశీర్వదించి రాయునది.   ఫోనులో రెండు ముక్కలు మాట్లాడితే పోయేదానికి ఇంత ఉత్తరమెందుకని నవ్వుకుంటావేమో. ఫోనులో అయితే మళ్ళీ తప్పించుకుంటాను బిడ్డా, మొన్న వేసవిలో తప్పించుకున్నట్టే. నీతోపాటు నీ స్నేహితులూ చదవచ్చు. ఇందులో దాచుకోవాల్సినవి ఏమైనా ఉంటే అవి నావే. ఇన్నాళ్ళు దాచింది చాలు.

గుర్తుందా, ఆ రాత్రి కరెంటు పోతే డాబా మీద చాపలు పరుచుకున్నాం. నువ్వు ఫోను గుండెల మీద పెట్టుకుని ఏదో సినిమా చూస్తున్నావు. నల్లకోటు వాళ్ళొక జట్టు, ఒళ్ళంతా జుట్టున్న వాళ్ళొక జట్టు, ఒకళ్ళనొకళ్ళు చీల్చుకుంటున్నారు. "తాతయ్యా, వాంపైరూ వేర్‌వుల్ఫూ కొట్టుకుంటే ఎవరు గెలుస్తారు?" అని అడిగావు. "పనికిమాలిన సినిమాలు, కళ్ళు పాడైపోతాయి, పడుకో" అన్నాను. నువ్వు మళ్ళీ అడగలేదు. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు సైన్సు పాఠం చెప్పినవాణ్ణి, ప్రశ్న అడిగిన పిల్లను పడుకోమన్నాను. మర్నాడు నువ్వు మామూలుగానే ఉన్నావు కానీ నాకు మాత్రం లోపల ముల్లు దిగినట్టయింది. మీ నాన్న కొనిచ్చిన ట్యాబు ముందు పెట్టుకుని వానాకాలమంతా చదివాను. "కృష్ణా రామా అనుకునే వయసులో ఈ దెయ్యాల చదువేంటండీ" అని మీ నానమ్మ విసుక్కుంటూనే టీ పెట్టి ఇచ్చేది. ఆ చదువు తరువాత నీకు ఇస్తున్న జవాబు ఇది. ఆలస్యమైంది, ఏమనుకోకు.

మొదటి సంగతి వింటే నీకు నవ్వొస్తుంది. నువ్వు కుస్తీకి దింపిన ఆ ఇద్దరూ పాతకాలంలో ఇంచుమించు ఒక్కరే. సెర్బియా, దాని చుట్టుపక్కల దేశాల పల్లెల్లో ‘వూకొద్లాక్’ అనే మాట ఉంది. తోడేలు జుట్టు ఉన్నవాడని దాని అర్థం. అంటే తోడేలుగా మారే మనిషన్నమాట. కానీ అదే మాటను ఆ పల్లెల వాళ్ళు గోరీలోంచి లేచొచ్చే రక్తపిశాచికి కూడా వాడారు. ఆ మాట గ్రీసు దేశం చేరి ‘వ్రికోలకస్’ అయింది. అక్కడ దానికి తోడేలుతో సంబంధం దాదాపు పోయింది, చచ్చి తిరిగొచ్చినవాడు అనే అర్థమే ఎక్కువగా మిగిలింది. బతికున్నప్పుడు తోడేలై తిరిగినవాడు చచ్చాక రక్తపిశాచి అవుతాడని చాలాచోట్ల నమ్మేవాళ్ళు. ఒక ఇంటి బిడ్డల్నే రెండు జట్లు చేసి కొట్టించింది ఈ కాలపు సినిమా తల్లీ.

రక్తపిశాచి సంగతి చెప్తాను. నీ సినిమాలో వాడికి కోట ఉంది, పట్టు కోటు ఉంది, సన్నటి చిరునవ్వు ఉంది. కాగితాలకెక్కిన తొలి రక్తపిశాచుల్లో ఒకడు మాత్రం ఉత్త పల్లెటూరి మనిషి. 1725లో ఆస్ట్రియా ఏలుబడిలో ఉన్న సెర్బియాలో కిసిల్జెవో అనే ఊళ్ళో పీటర్ బ్లాగోజెవిచ్ అనే రైతు చనిపోయాడు. పూడ్చిపెట్టిన పది వారాలకు ఎనిమిది రోజుల్లో తొమ్మిది మంది వరసగా పోయారు. చనిపోయేముందు వాళ్ళు, పీటర్ కలలోకొచ్చి గొంతు నులిమాడని చెప్పారట. అతని భార్య చెప్పిన మాట చదివి కాసేపు ట్యాబు పక్కన పెట్టేశాను. భర్త ఇంటికొచ్చి తన చెప్పులు ఇవ్వమని అడిగాడని చెప్పి, ఆమె ఊరే విడిచి వెళ్ళిపోయింది. చూశావా, రక్తం అడగలేదు, ప్రాణం అడగలేదు, చెప్పులు అడిగాడు. గడప దగ్గర చెప్పులు అలాగే ఉండి, తొడుక్కునే మనిషి లేకపోతే ఆ ఇంట్లో ఆడమనిషికి రాత్రిళ్ళు ఎలా ఉంటుందో నీకు ఇంకా తెలియదు. తెలియకుండానే నిండు నూరేళ్ళూ గడవాలని కోరుకుంటాను.

ఊరివాళ్ళు అక్కడి ఆస్ట్రియా అధికారిని పట్టుకున్నారు. గోరీ తవ్వకపోతే ఊరు ఖాళీ చేసి పోతామన్నారు. అతను వద్దనలేక దగ్గరుండి తవ్వించాడు. శవం కుళ్ళలేదు, నోటి దగ్గర తాజా రక్తం ఉంది, పాత చర్మం ఊడి కొత్త చర్మం వచ్చింది, గోళ్ళు కూడా కొత్తవి వచ్చాయి అని రాసుకున్నాడు. ఛాతీలో కొయ్య మేకు దిగ్గొట్టి కాల్చేశారు. ఆ నివేదిక వియన్నా పత్రికలో అచ్చయింది. ఆ అధికారి చూసింది అబద్ధం కాదు బిడ్డా, దానికి అతను చెప్పుకున్న అర్థం మాత్రం తప్పు. మట్టిలో ఉన్న శరీరం లోపల గ్యాసు పుట్టి ఉబ్బుతుంది, బలిసినట్టు కనబడుతుంది. ఆ ఒత్తిడికి ఎర్రటి ద్రవం నోట్లోకి, ముక్కులోకి తన్నుకొస్తుంది. పైచర్మం గోళ్ళతో సహా జారిపోతే కింద లేత చర్మం బయటపడుతుంది. చలినేలలో ఇదంతా చాలా నిదానంగా జరుగుతుంది. ఈ నాలుగు ముక్కలు తెలిసినవాడు ఆ రోజు ఆ గోరీ దగ్గర ఒక్కడూ లేడు. ఏడేళ్ళకు, 1732లో, మరో సెర్బియా ఊరి నుంచి సైన్యం డాక్టరు ఫ్లూకింగర్ ఇలాంటిదే ఇంకా పెద్ద నివేదిక పంపాడు. గడ్డిబండి మీంచి పడి మెడ విరిగి చనిపోయిన ఆర్నాల్డ్ పావోలే అనేవాడి మీద పడింది ఆ ఊరి భయం. ఆ సంవత్సరమే ‘వాంపైర్’ అన్న మాట ఇంగ్లీషు పత్రికలకెక్కింది.

ఇదంతా ఎప్పటిదో, ఎక్కడిదో అనుకుంటావేమో. రైళ్ళూ టెలిగ్రాఫూ వచ్చేశాక, 1892లో, అమెరికాలో రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని ఎక్సెటర్ అనే ఊళ్ళో జరిగింది విను. జార్జ్ బ్రౌన్ అనే రైతుకు భార్య క్షయతో పోయింది, పెద్ద కూతురు పోయింది, ఆ జనవరిలో పంతొమ్మిదేళ్ళ మెర్సీ పోయింది. కొడుకు ఎడ్విన్ దగ్గుతూ మంచాన పడ్డాడు. చచ్చినవాళ్ళలో ఒకరు బతికున్న కొడుకును పీలుస్తున్నారని ఇరుగుపొరుగు పట్టుబట్టారు. ఆ తండ్రికి నమ్మకం లేదు, అయినా సరేనన్నాడు. మార్చిలో పెట్టెలు తెరిచారు. ముందు పోయినవాళ్ళ శరీరాలు చాలావరకు శిథిలమయ్యాయి. మెర్సీ పోయి రెండు నెలలే అయింది, అదీ గడ్డకట్టే చలికాలం, అందుకే చెడిపోకుండా ఉంది. గుండె తీసి కాల్చారు. ఆ బూడిద నీళ్ళలో కలిపి అన్న చేత తాగించారు. రెండు నెలలు తిరక్కుండా ఎడ్విన్ కూడా పోయాడు. క్షయకు కారణమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కాక్ లోకానికి చూపించి అప్పటికి సరిగ్గా పదేళ్ళు. బెర్లిన్‌లో తెలిసిన సంగతి ఆ పల్లె దాకా రావడానికి పదేళ్ళు చాల్లేదు. ఆ తండ్రిని నేను ఒక్క మాట అనలేను తల్లీ. మీ నాన్నకు చిన్నప్పుడు జ్వరమొచ్చి దిగకపోతే నేనూ ఒక చేత్తో మాత్ర, ఒక చేత్తో తాయెత్తు పట్టుకుని నిలబడ్డవాణ్ణే.

ఇప్పుడు తోడేలు మనిషి. వీడి కథ ఇంకా పాతది. మనిషి మాంసం వండి దేవుడికే వడ్డించబోయి తోడేలైపోయిన లైకాన్ అనే రాజు కథ గ్రీకులది. దాన్ని రోము కవి ఓవిడ్ రెండు వేల ఏళ్ళ కిందటే రాశాడు. అంతవరకూ కథ కథగానే ఉంది. పదహారో శతాబ్దానికి అది కోర్టుమెట్లెక్కింది. 1589లో జర్మనీలో బెడ్‌బర్గ్ అనే ఊళ్ళో పీటర్ స్టుంప్ అనే రైతును పట్టుకుని, దయ్యం ఇచ్చిన నడికట్టు కట్టుకుని తోడేలై పిల్లల్ని తిన్నాడని చెప్పించి చంపారు. ఆ ఒప్పుకోలు హింస ముందు పుట్టింది. ఆ నడికట్టు ఎవరికీ దొరకనేలేదు.

ఆ కేసుల్లో ఇద్దరు నా మనసులో ఉండిపోయారు. ఒకడిది నీ ఈడు, ఒకడిది నా ఈడు. నీ ఈడు వాడు జాన్ గ్రెనియే, ఫ్రాన్సు నైరుతి మూల పశువులు కాసుకునే పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లవాడు. అడవిలో ఒక నల్లటి మనిషి తోడేలు తోలు ఇచ్చాడని, అది కప్పుకుని పిల్లల్ని తిన్నానని తనంతట తనే చెప్పుకున్నాడు. 1603లో బోర్డో కోర్టు ఒక మంచి పని చేసింది. మనిషి తోడేలు కావడమన్నది మతి చెదిరినవాడి ఊహ, ఈ పిల్లవాడు బుద్ధి ఎదగనివాడు అని చెప్పి, చంపకుండా సన్యాసుల మఠంలో ఉంచమంది. పైగా అతన్ని పట్టించుకున్న దిక్కు లేదని కూడా గమనించింది. ఏడేళ్ళు బతికాడు అక్కడ. ఎంత కొద్ది జాలి అయినా, అది ఒక పిల్లవాడికి ఏడేళ్ళయింది.

నా ఈడు వాడు థీస్. ఇప్పటి లాట్వియా దేశం వాడు. ఎనభై దాటిన ముసలాయన. 1691లో చర్చి దొంగతనం కేసులో సాక్షిగా వచ్చాడు. ఈయన తోడేలు మనిషని అందరికీ తెలుసు కదా అని ఎవరో అంటే, అవును, అయితే ఏమిటి అన్నాడు! మేము దేవుడి కుక్కలం, మంత్రగాళ్ళు ఊరి ధాన్యాన్ని, మొలకల్ని ఎత్తుకుపోయి నరకంలో దాస్తారు, ఏడాదికి మూడు రాత్రులు మేం వెళ్ళి వాళ్ళతో పోరాడి పంటను వెనక్కి తెస్తాం అని చెప్పాడు. ఒకసారి మంత్రగాడు చీపురు కర్రతో కొడితే ముక్కు విరిగిందని ముక్కు చూపించాడట. దయ్యంతో ఒప్పందం ఉందని ఒప్పుకోమని న్యాయమూర్తులు ఎన్ని రకాలుగా అడిగినా, ఊరికి మేలు చేశానన్న మాట మీదే నిలబడ్డాడు. కొరడా దెబ్బలు కొట్టి ఊరి నుంచి వెళ్ళగొట్టారు. ఆయన చెప్పింది నిజం కాదని నీకూ నాకూ తెలుసు. కానీ పంట ఇంటికి రావాలని రాత్రిళ్ళు నిద్రపోని ముసలి రైతును నేను మన ఊళ్ళో ఎంతమందిని చూడలేదు!

మాట మీద మాట, అసలు తోడేలు గురించి కూడా చెప్పనీ. నా చిన్నప్పుడు ఎండాకాలం మన చేలో కురుమల గొర్రెలమంద పెట్టించేవాళ్ళు, ఎరువు కోసం. రాత్రి మా నాయనకు సద్దిమూట తీసుకుపోయి గొంగడి కప్పుకుని అక్కడే పడుకునేవాణ్ణి. ఒకరోజు కుక్కలు గోలపెడితే లేచి చూశాం. బ్యాటరీ లైటు వెలుగులో రెండు కళ్ళు పచ్చగా మెరిశాయి, అంతే. తెల్లారి లెక్కపెడితే ఒక పిల్ల తక్కువ. కాపరి తల గోక్కుని, "దానికి గూడ పిల్లలుంటయి గద బిడ్డా" అన్నాడు. గొర్రెపిల్ల పోయినవాడి నోట ఆ మాట వచ్చింది. ఇప్పుడు ఆ చేలు ప్లాట్లయ్యాయి, మందలు పల్చబడ్డాయి, తోడేళ్ళు మన దేశం మొత్తంలో దాదాపు మూడు వేలే ఉంటాయని 2022లో శాస్త్రజ్ఞులు అంచనా కట్టారు. చట్టంలో పులితో సమానంగా మొదటి షెడ్యూలులో ఉన్న జంతువది. నీకు వెయ్యి సినిమాల తోడేళ్ళు తెలుసు. ఆ పచ్చటి కళ్ళు ఒక్కసారి నీకు చూపించలేకపోయాను. అలాగని తోడేలు సాధుజంతువేం కాదు. 1996లో ఉత్తరప్రదేశ్ తూర్పు జిల్లాల్లో పదుల సంఖ్యలో పసిపిల్లల్ని ఎత్తుకుపోయింది. ఆ భయంలో, తోడేలు వేషం కట్టిన మనుషులు తిరుగుతున్నారని పుకారు పుట్టింది. దారినపోయే పరాయివాళ్ళను కొట్టి చంపారు. బెడ్‌బర్గ్‌కు నాలుగు వందల ఏళ్ళ తరువాత, నా కళ్ళెదుటి కాలంలో.

మరి ఈ పల్లెటూరి భయాలకు కోటలూ కోట్లూ ఎలా వచ్చాయంటావా? 1815లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలి, మరుసటేడు యూరపులో ఎండాకాలమే రాలేదు. ఆ 1816 వానల్లో జెనీవా సరస్సు ఒడ్డున ఒక ఇంట్లో చిక్కుకుపోయిన కవులు దయ్యాల కథలు రాద్దామనుకున్నారు. ఫ్రాంకెన్‌స్టైన్ అక్కడే పుట్టింది. కవి బైరన్ దగ్గరున్న కుర్ర డాక్టరు పోలిడోరి రాసిన కథ 1819లో అచ్చయింది. అందులో రక్తపిశాచి మొదటిసారి జమీందారు వేషం కట్టాడు. 1897లో బ్రాం స్టోకర్ డ్రాకులా రాశాడు. ఆయన లండన్‌లో ఒక నాటకశాల మేనేజరు, ట్రాన్సిల్వేనియాకు ఎప్పుడూ వెళ్ళినవాడు కాడు, తోడేలు మనుషుల మీద రాసిన పుస్తకం నుంచి కూడా సరుకు తెచ్చుకున్నాడు. అందుకే ఆయన డ్రాకులా తోడేలుగా మారతాడు, పట్టపగలు లండన్ వీధుల్లో నడుస్తాడు. పొద్దు పొడిస్తే చచ్చిపోవడం 1922 నాటి నోస్‌ఫెరాటు సినిమాలో వచ్చింది. ఇక తోడేలు మనిషికి వెండి దెబ్బ తప్ప చావు లేదన్న మాటను ఊరూరా నాటింది 1941 నాటి ద వుల్ఫ్ మ్యాన్. పున్నమి పట్టింపు 1943లో వచ్చిన దాని తరువాతి సినిమాలో గట్టిపడింది. ఆ రెండింటికీ కథ రాసిన కర్ట్ సియోడ్‌మాక్, నాజీల జర్మనీ విడిచి పారిపోయి వచ్చిన యూదుడు. నిన్నటిదాకా పలకరించిన పొరుగువాడు రాత్రికి రాత్రే మృగమవడం ఆయన కథల్లో చదువుకున్న సంగతి కాదు.

అది మన దాకా ఎలా వచ్చిందో మీ నాన్ననడుగు. మైకేల్ జాక్సన్ థ్రిల్లర్ వీడియో 1983లో వచ్చింది, 1985లో దొంగ సినిమాలో చిరంజీవి గోలీమార్ అంటూ ఆ దయ్యాల గుంపుతో చిందేశాడు. మీ నాన్న స్కూలు వార్షికోత్సవంలో మొహానికి బొగ్గు పూసుకుని ఆ పాటకే గెంతాడు. నేను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. కాబట్టి నీ సినిమాలు పనికిమాలినవని అనే హక్కు నాకు లేదు.

మనవైపు నుంచి అటు వెళ్ళినవాడు కూడా ఒకడున్నాడు. రిచర్డ్ బర్టన్ అనే ఇంగ్లీషాయన 1870లో మన బేతాళ కథల్ని తనదైన పద్ధతిలో రాసి, బేతాళుణ్ణి వాంపైర్ చేసేశాడు. చెట్టుకు తలకిందులుగా వేలాడతాడు కదా, గబ్బిలంలా కనబడి ఉంటాడు. మా చందమామలో బేతాళుడు ఎవరి రక్తమూ తాగలేదు తల్లీ. భుజాన మోసేవాడికి నడక తెలియకుండా కథ చెప్పేవాడు, చివర ప్రశ్న వేసేవాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుందనేవాడు. ఎనిమిదో క్లాసులో నాకది సరదా షరతు. ఈ మధ్యే అర్థమైంది, అంత కఠినమైన షరతు మన కథల్లో ఇంకోటి లేదు.

ఇప్పుడు నా సంగతి. మీ నానమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు. నా ఉద్యోగం కొత్తలో, ఒక వానాకాలం, నేను పనిచేసే ఊళ్ళో పది రోజుల తేడాలో ముగ్గురు పిల్లలు పోయారు. ముగ్గురూ నా బడి పిల్లలే. జ్వరం, ఫిట్సు, తెలివి తప్పడం, తెల్లారేసరికి శవం. మెదడువాపు గురించి నేను అప్పటికే పేపర్లో చదివాను, దోమలతో వస్తుందని తెలుసు. ఊరివాళ్ళు బాణామతి అన్నారు. చింతచెట్టు కింద గుడిసెలో ఒంటరిగా ఉండే ఒక ముసలమ్మ మీద వేలు పెట్టారు. పిల్లలకు చింతపండు ఉప్పులో అద్ది పెట్టేదామె, నాకూ రెండుసార్లు పెట్టింది. ఒక రాత్రి ఆమెను చెట్టు దగ్గరికి ఈడ్చుకొచ్చి, మంత్రం పలకకుండా చేయాలని రాయితో పళ్ళు రాలగొట్టారు. నా గది అక్కడికి నూరు గజాలు. అన్నీ వినబడ్డాయి. నేను లాంతరు ఒత్తి తగ్గించి, తలుపు గడియ పెట్టుకుని కూర్చున్నాను. బయటి ఊరివాణ్ణి, కొత్త ఉద్యోగం, రేపు నన్ను కూడా అంటారేమో అని నాకు నేను చెప్పుకున్నాను. జవాబు తెలిసింది ఆ ఊళ్ళో నా ఒక్కడికే. నోరు తెరవలేదు. రెండు రోజులకు ఆమె ఊరు విడిచి పోయింది. ఎక్కడికో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

బేతాళుడు చెప్పినట్టు నా తలేమీ పగల్లేదు. ఉద్యోగం చేశాను, ప్రమోషన్లు వచ్చాయి, ఉత్తమ ఉపాధ్యాయుడని శాలువా కప్పారు. అంతకన్నా సిగ్గుచేటు ఇంకోటుంది. మీ నాన్న చిన్నప్పుడు అన్నం తినకపోతే "చింతచెట్టు కింది ముసలమ్మ వచ్చి ఎత్తుకుపోతుంది" అని భయపెట్టేవాణ్ణి. ఊరు ఆమెను దయ్యాన్ని చేసింది ఒక్క రాత్రి, నేను రోజూ రెండు పూటలా చేశాను. ఆ తరువాత కొన్నాళ్ళకు ఆడదయ్యం ఇంటింటికీ తిరుగుతోందని తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకునే రోజులొచ్చాయి. మన ఇంటి తలుపు మీద రాసిందెవరో తెలుసా? స్కూలు సుద్దముక్కతో, గుండ్రటి అక్షరాలతో, ఈ సైన్సు మాస్టారే. మీ నానమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

అందుకని బిడ్డా, భయం కథలు చూడొద్దని చెప్పను. భయం పుట్టినచోట కథ పుట్టడం సహజం. చచ్చిన మనిషి మీద బెంగా, ఎందుకొచ్చిందో తెలియని రోగమూ కలిసి రక్తపిశాచి అయ్యాయి. మనలోనే ఉన్న క్రూరత్వాన్ని చూసి జడుసుకుని దానికి తోలు కప్పితే తోడేలు మనిషయ్యాడు. ఒకటి పోయినవాళ్ళ వల్ల భయం, ఇంకోటి ఉన్నవాళ్ళ వల్ల భయం. నా బెంగ వేరే. మా కాలంలో కథ అయ్యాక కాసేపు చీకటి ఉండేది. పక్కన నానమ్మ చెయ్యి ఉండేది. ఆ చీకట్లో "మరి ఆమెను ఎందుకు కొట్టారు? ఆమె నిజంగా చేసిందా?" అని పిల్లలు అడిగేవాళ్ళు. పెద్దవాళ్ళకు జవాబులు రాకపోయినా అడగడానికి జాగా ఉండేది. నీ ఫోనులో కథ అయిన అయిదు సెకన్లకు ఇంకోటి మొదలైపోతుంది. ఆ రాత్రి నువ్వు ఆ కాస్త జాగా చేసుకుని నన్ను అడిగావు. దాన్ని మూసేసింది ఫోను కాదు, నేను.

1755లో ఆస్ట్రియా రాణి మరియా తెరేసా దగ్గరికి ఇలాంటి గోరీల గొడవే వస్తే, ఆమె తన వైద్యుడు వాన్ స్వీటెన్‌ను అడిగింది. ఇదంతా అజ్ఞానమని, శవాల మార్పులకు సహజ కారణాలున్నాయని ఆయన తేల్చాడు. రాణి గోరీలు తవ్వడం, శవాలు కాల్చడం కట్టడి చేసింది. తెలిసినవాడు తెలిసింది చెప్పాడు, అంతే. మన దగ్గరా అలాంటివాళ్ళున్నారు. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు వచ్చి మన తెలంగాణలోనే అమాయకుల్ని కొట్టి చంపారు, హైదరాబాదులో కూడా. అదే సమయంలో జోగులాంబ గద్వాల జిల్లాలో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి, పోలీసుల్ని ఊళ్ళకు పంపి, డప్పుతో, జానపద పాటలతో ఆ పుకారు అబద్ధమని చెప్పించారు. ఆ పాటలు వింటుంటే ఆ రాత్రి నా నోట్లో ఉండిపోయిన మాట గుర్తొచ్చింది. ఒక్క డప్పు దెబ్బంత చప్పుడు నేను చేసి ఉంటే ఏమయ్యేదో.

నీ చేతిలో ఉన్న ఫోనుకు ఆ ఎస్పీ డప్పు కన్నా ఎక్కువ చప్పుడుంది తల్లీ. ఎవరి మీదైనా ఊరంతా వేలు పెట్టిన వీడియో నీకొస్తే, పంపేముందు ఒక్క నిమిషం ఆగు. కథలో రాక్షసి ఎవరని కాదు, మొదట చచ్చిపోయింది ఎవరు, దేనివల్ల అని అడుగు. జవాబు తెలిస్తే చిన్న గొంతుతోనైనా చెప్పు. భయమేస్తే నాకు ఫోను చెయ్యి, ఇద్దరం కలిసి చెబుదాం. ఈసారి పడుకోమనను. నీకు మంచి చదువు రావాలి, మంచి స్నేహాలు రావాలి, అన్నిటికన్నా ముందు నోరు తెరవాల్సిన రోజున నోరు పెగలాలి. మీ తాతకు లేని ఆ ధైర్యం నీకు ఉండాలని రోజూ దీపం ముందు దండం పెట్టుకుంటున్నాను.

ఇక ఎవరు గెలుస్తారని అడిగావు. నేను చదివినంతలో వాంపైరూ గెలవలేదు, వేర్‌వుల్ఫూ గెలవలేదు. ఓడిపోయినవాళ్ళు మాత్రం పేర్లతో సహా ఉన్నారు. మెర్సీ, ఎడ్విన్, పీటర్, జాన్, థీస్. ఆ వరసలో మన దగ్గరి పేరు ఇంకోటుంది. నలభై ఏళ్ళ పైన అయింది నేను ఆ పేరు పైకి పలికి. ఉత్తరంలో రాయను. వచ్చే వేసవిలో నువ్వు వస్తే నిన్ను బస్సులో ఆ ఊరికి తీసుకుపోతాను. గుడిసె ఉండదు, చింతచెట్టు ఉందని విన్నాను. దాని కింద నిలబడి ఆ పేరు నీకు చెప్తాను. మోకాళ్ళు సతాయిస్తున్నాయి, ఎండలు ముదరకముందే రా.

ఇట్లు,
ఆశీస్సులతో,
మీ తాతయ్య